షహీద్ షోయబుల్లా ఖాన్ - ఆయన అడిగిన ప్రశ్న

ప్రతి ఏటా మన సొసైటీ వార్షిక సంచికలో ఒక బుజుర్గు జీవితం వేయుట ఆనవాయితీ. ఈసారి ఎవరి గురించి వ్రాయాలన్న సంగతి మీద కమిటీలో కొంత చర్చ నడిచింది. సహాబాలలో ఒకరి చరిత్ర వేయండని కొందరు, మౌలానా ఆజాద్ గారి గురించి వ్రాయండని కొందరు అన్నారు. షోయబుల్లా ఖాన్ పేరు చెప్పగానే మాత్రం గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఎనభై దాటిన ఒక పెద్దాయన, పుట్టి పెరిగింది సిరిసిల్లలో, ఆ ముచ్చట ఇప్పుడెందుకు బాబూ, మానిన పుండు గీకినట్టయితది అన్నారు. ఆయన మాట తీసివేయదగ్గది కాదు. 1948 అంటే జగిత్యాలలో గానీ, కోరుట్లలో గానీ, సిరిసిల్లలో గానీ మన ఇండ్లల్ల గొంతు తగ్గించి మాట్లాడుకునే సంవత్సరం. అయినా రెండు దఫాలు కూర్చొని మాట్లాడుకొని, వ్రాయాలనే నిశ్చయించుకున్నాము.

షోయబుల్లా ఖాన్ 1920 అక్టోబరు 17న పుట్టారు. తండ్రి హబీబుల్లా ఖాన్ గారు నిజాం రైల్వే పోలీసులో నౌకరీ చేసేవారు. ఆ రోజుల్లో గాంధీజీ రైలులో మహబూబాబాద్ మీదుగా పోతుండగా హబీబుల్లా గారు చూశారనీ, ఇంటికి వచ్చి పసివాని ముఖం చూస్తే అదే పోలిక కనిపించిందనీ, అప్పటి నుంచి కొడుకును ముద్దుగా షోయబుల్లా గాంధీ అని పిలుచుకునేవారనీ ఒక ముచ్చట చెప్పుకుంటారు. పోలిక నిజంగా ఉన్నదో లేదో గానీ, సర్కారు ఉడుపు వేసుకున్న మనిషి తన ఇంట్లో ఆ పేరు పెట్టి పిలిచాడంటే ఆ ఇంటి గాలి ఎటువంటిదో కొంత తెలుస్తుంది.

పిల్లవాడు చదువులో చురుకు. ఉస్మానియా యూనివర్సిటీలో బి.ఏ. పాసయ్యారు. ఇప్పటి పిల్లలకు ఆ మాట బరువు తెలియదు. ఆ కాలంలో ఉస్మానియాలో చదువంతా ఉర్దూలోనే. ముస్లిం యువకుడు, ఉర్దూ వచ్చినవాడు, పైన బి.ఏ. డిగ్రీ - అట్లాంటి వానికి తాలూకా కచేరీలో కుర్చీ వేసి కూర్చోబెట్టే రోజులవి. మన జగిత్యాల, సిరిసిల్ల అప్పుడు కరీంనగర్ జిల్లాలో తాలూకాలు (వేరే జిల్లాలైంది 2016 అక్టోబరు 11 నుండి గదా). అమీన్ సాబు వస్తున్నాడంటే ఊళ్ళు ఎట్లా వణికేవో పెద్దలు చెప్పగా మనమంతా విన్నాము. షోయబుల్లా ఖాన్ ఆ దారి పట్టలేదు. తేజ్ అనే ఉర్దూ వారపత్రికలో తక్కువ జీతానికి చేరారు. సర్కారు ఆ పత్రికను ఆపించింది. తరువాత మందుముల నర్సింగరావు గారు నడిపే రయ్యత్ పత్రికకు వెళ్ళారు. దానినీ ఆపించింది. రెండుసార్లు చేతి కింది పని పోయిన మనిషి మూడోసారికి బుద్ధి తెచ్చుకుంటాడని ఇంట్లో వాళ్ళు ఆశపడి ఉంటారు. ఆయన మూడోసారి సొంత పత్రికే పెట్టారు. బూర్గుల రామకృష్ణారావు గారు వెనుక నిలిచి సాయం చేశారు. 1947 నవంబరులో ఇమ్రోజ్ అనే ఉర్దూ దినపత్రిక హైదరాబాదులో మొదలైంది. ఇమ్రోజ్ అంటే నేడు అని అర్థం.

ఆ నేడు ఎటువంటిదో కొంచెం చెప్పుకోవాలి. 1947 ఆగస్టు 15న దేశమంతా జెండా ఎగిరింది గానీ మన నిజాం రాజ్యంలో ఎగరలేదు. ఇక్కడ జెండా ఎగరేసినవాడు జైలుకు పోయిండు. నవంబరు 29న నిజాముకూ ఢిల్లీకీ మధ్య ఏడాది కాలానికి యథాతథ ఒప్పందం కుదిరింది. ఆ ఏడాదిలో ఏదో ఒకటి తేలాలి. రాజ్యంలో కోటీ అరవై లక్షల పైచిలుకు జనం. అందులో ముస్లిములు ఎనిమిదింట ఒక వంతు. పెద్ద కొలువులు మాత్రం చాలావరకు ముస్లిముల చేతిలో. ఆ కొలువుల్లో ఉన్నవారెవరు అంటే హైదరాబాదు షహర్లోని కొన్ని ఇండ్ల వారు. కోరుట్లలో పింజరి విల్లు పట్టుకొని దూది ఏకేవాడూ, సిరిసిల్లలో మగ్గం మీద బతికేవాడూ, జగిత్యాల ఖిల్లా చుట్టుపక్కల జట్కా తోలుకునేవాడూ కూడా ముస్లిములే. వాళ్ళకు ఆ కొలువులతో పని లేదు. కానీ వాళ్ళ చెవుల్లో ఒక మాట పోసినారు - అనల్ మాలిక్. ఈ రాజ్యానికి ప్రతి ముస్లిమూ యజమానే అని ఆ మాటకు అర్థం. ఇంట్లో జొన్నగటకకు గతి లేని మనిషికి నువ్వే పాదుషావు అని చెబితే ఎంత నిషా ఎక్కుతుందో ఊహించండి. ఆ మాట విన్నవాళ్ళలో ఎంతమంది తిరిగి అడిగారు, నేను పాదుషానైతే నా పొయ్యి ఎందుకు రాజుకుంటలేదు అని?

లాతూరు వకీలు ఖాసిం రజ్వీ మజ్లిస్ అధ్యక్షుడై రజాకార్ల దళాన్ని ఊరూరా పెంచాడు. ఖాకీ ఉడుపు, డ్రిల్లు, చేతికి బల్లెమో తుపాకియో. మొదట ముస్లిముల రక్షణకే అన్నారు. తరువాత ఊళ్ళ మీద పడి దోచుట, ఇండ్లు కాల్చుట, ఆడవాళ్ళను అవమానించుట దాకా పోయింది. ఇంకో పక్క దొరల మీద, సర్కారు మీద రైతాంగ పోరాటం నడుస్తున్నది. మన జిల్లాలోనే హుస్నాబాద్ దగ్గరి మహమ్మదాపూర్ గుట్టల్లో 1948 మార్చి 14న అనభేరి ప్రభాకరరావు గారూ, ఆయన వెంట ఉన్నవారూ పోలీసు కాల్పులకు బలి అయ్యారు. సిరిసిల్ల తాలూకా గాలిపల్లిలో పుట్టిన బద్దం ఎల్లారెడ్డి గారి పేరు మీద కూడా అప్పటి కథలు ఇంకా చెప్పుకుంటారు. వాటి వివరంలోకి పోతే ఈ సంచిక చాలదు.

అటువంటి రోజుల్లో ఎక్కడ నలుగురు కూడినా ఒకటే ప్రశ్న - నువ్వు ఎవరి పక్షం? ముసల్మానువా, అయితే నిజాం పక్షం, రజాకార్ల పక్షం. హిందువువా, అయితే కాంగ్రెసో కమ్యూనిస్టో. ఆ ప్రశ్నకు జవాబు చెప్పిన తరువాత ఇంక ఆలోచించే పని లేదు. ఏ ఊరు కాలింది, ఎవరి గింజలు పోయినవి, ఎవరు తగలబెట్టిండ్రు అన్నది తరువాతి మాట. మనవాడు చేస్తే దానికొక కారణం ఉంటుంది, వాడు చేస్తే అది రాక్షసత్వం. ఇమ్రోజ్ సంపాదకుడు ఆ ప్రశ్ననే పక్కకు పెట్టేశారు. ఆయన వ్రాతల సారం మాకు అర్థమైన మేరకు ఆయన అడిగింది ఇది: జరిగిన పని ఏది, అది ఎవరి మీద జరిగింది, ఎవరి పేరు మీద జరిగింది, ఆ పేరు వాళ్ళు దానికి ఒప్పుకున్నారా. పగలు ఒక సర్కారు, రాత్రి ఒక సర్కారు నడుస్తున్నదని ఆయన ఒక సంపాదకీయం వ్రాశారు. జనానికి బాధ్యత వహించే ప్రభుత్వం రావాలని, హైదరాబాదు హిందూస్తాన్‌లో చేరాలని, అందులోనే ముస్లిముల మేలు కూడా ఉన్నదని వ్రాశారు. ఇదంతా ఉర్దూలో వ్రాశారు. ఉర్దూ అప్పుడు హిందువులూ చదివినదే. మన సిరిసిల్ల దగ్గరి హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణరెడ్డి గారు చిన్నప్పుడు చదివింది ఉర్దూ మీడియంలోనే కదా. అయినా ఇమ్రోజ్ మాట ముందుగా తగలవలసింది ఆ భాషను తమ ఇంటి భాష అనుకునేవారికి. ఎదుటివాని తప్పులు వ్రాసి తనవాళ్ళ చేత శభాష్ అనిపించుకునే పత్రికలు అప్పుడూ ఉన్నవి, ఇప్పుడూ ఉన్నవి. తనవాళ్ళ తప్పును తనవాళ్ళ భాషలో, తనవాళ్ళ గల్లీలో ఉండి వ్రాయుట వేరు పని.

బెదిరింపులు వచ్చినవి. ఆయన వ్రాయుట ఆపలేదు. 1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు కలిసి ఒక ప్రకటన ఇచ్చారు. రజాకార్ల దళాన్ని రద్దు చేయాలనీ, హిందూస్తాన్‌తో కలిసిపోవుటే మంచిదనీ ఆ ప్రకటన తాత్పర్యం. ఏడుగురూ లోకం తెలిసినవారు, సర్కారులో పెద్ద పనులు చేసినవారు కూడా వారిలో ఉన్నారు. అటువంటి కాగితాన్ని అచ్చువేయుటే ఆ రోజున సాహసం. ఇమ్రోజ్ అచ్చువేసింది. ఆగస్టు 19న జమరుద్ మహల్ టాకీసులో జరిగిన సభలో ఖాసిం రజ్వీ, ముస్లిముల మధ్య అనైక్యత తెచ్చే చేతులను నరికేయాలన్న అర్థంలో మాట్లాడాడు. సభకు వచ్చినవారు ఏమనుకున్నారో తెలియదు గానీ, దాన్ని అక్షరాలా తీసుకున్నవారు కొందరున్నారు.

ఆగస్టు 21 రాత్రి. పత్రిక పని ముగించుకొని బావమరిది ఇస్మాయిల్ ఖాన్‌తో కలిసి కాచిగూడ వైపు ఇంటికి నడిచి వస్తున్నారు. లింగంపల్లి చౌరస్తా దగ్గర మనుషులు మీద పడ్డారు. తుపాకి పేల్చారు, కత్తులతో నరికారు, వ్రాసే చేతిని నరికారు. అడ్డం పోయిన ఇస్మాయిల్ ఖాన్ చెయ్యి కూడా పోయింది. ఆయన బతికారు. షోయబుల్లా ఖాన్ 22వ తేదీ తెల్లవారుజామున కన్నుమూశారు. ఇంకా 28 నిండలేదు. గోషామహల్ మాలకుంట ఖబ్రస్తాన్‌లో దఫన్ చేశారు. ఇమ్రోజ్ వయసు తొమ్మిది నెలలు.

ఆయన పేరు ఇప్పుడు చాలామంది చాలా విధాలుగా వాడుతున్నారు. ఏటా సెప్టెంబరు వచ్చిందంటే సభల్లో ఆయన ఫోటో కనిపిస్తుంది. కొందరైతే మనకు చూపించి, ముస్లిం అంటే ఇట్లా ఉండాలి అన్నట్టు మాట్లాడుతారు. మాకు అది కొంచెం ముల్లులా గుచ్చుకుంటుంది, దాచుకోవలసిన పని లేదు. షోయబుల్లా ఖాన్ తనవాళ్ళను అడిగారు. ఆయన ఫోటోకు దండ వేసేవారు ముందు తమ తమ వాళ్ళను అడిగి వస్తే ఆ దండకు విలువ. అయితే ఈ మాట అని మనం తప్పించుకోలేము. వాళ్ళు అడగలేదు గనుక మేమూ అడగము అంటే మళ్ళీ ఆ పాత ప్రశ్న దగ్గరికే పోయినట్టు.

మన దీన్‌లో ఈ సంగతికి ఆధారం లేదా అంటే ఎంతో ఉన్నది. సూరె నిసాలో న్యాయం కోసం నిలబడుట గురించి, అది మనకూ మన తల్లిదండ్రులకూ దగ్గరి వారికీ వ్యతిరేకంగా పోయినా సరే సాక్ష్యం చెప్పుట గురించి ఆదేశం ఉన్నది. జుమా ఖుత్బాలో మనం విన్నదే. ఇంకొకటి బుఖారీలో వచ్చిన హదీసు. మీ సోదరునికి సాయం చేయండి, అతడు జులుం చేసేవాడైనా, జులుంకు గురైనవాడైనా అని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారు సెలవిచ్చినప్పుడు ఒకరు లేచి అడిగారు: గురైనవానికి సాయం చేయుట తెలుసు, చేసేవానికి ఎట్లా చేసేది? అతని జులుంను ఆపుటే అతనికి చేసే సాయమని జవాబు వచ్చింది. మేము ఈ హదీసు చిన్నప్పటి నుంచి విన్నాము గానీ ఆ అడిగిన మనిషి గురించి ఆలోచించింది తక్కువ. ఆయన అడగకపోతే మొదటి మాటను పట్టుకొని, మనవాడు ఏం చేసినా వెనుక నిలబడుటే ధర్మమని ఎందరు చెప్పుకునేవారో. ఒక్క ప్రశ్న మధ్యలో పడి మొత్తం దారి మార్చింది.

ఇది పుస్తకాల సంగతి మాత్రమే కాదు. మన పట్టణాల నుంచి దుబాయి, సౌదీ, మస్కట్ పోని ఇల్లు ఎన్ని ఉన్నవి? కొన్నేండ్ల క్రింద కోరుట్ల వైపు నుంచి ఒక తండ్రి మన దగ్గరికి వచ్చాడు. కొడుకును పని వీసా అని చెప్పి విజిట్ వీసా మీద పంపించారు. అక్కడ పని లేదు, తిరిగి వచ్చే దారి లేదు. పంపిన ఏజెంటు మనవాడే, సొసైటీకి చందా ఇచ్చేవాడే, రంజాన్‌లో ఈద్గా గోడకు సున్నం ఖర్చు ఆయనదే. మీటింగులో మొట్టమొదట వచ్చిన మాట ఏందంటే, ఏజెంటు మనవాడు, ఈ సంగతి బజార్ల పడితే బద్‌నాం అయితది, లోపలనే చూసుకుందాము అని. తలకాయలన్నీ ఊగినవి, మా తలకాయలతో సహా. మహిళా విభాగం తరఫున కూర్చున్న ఒక ఖాలా, బీడీలు చేసి పిల్లలను చదివించిన మనిషి, అప్పుడు నోరు తెరిచింది. ఆ పైసలు ఏడికెల్లి తెచ్చిండ్రు అని అడిగింది. తండ్రి కాసేపు ఊరుకొని, పెద్దబిడ్డ నిఖా కోసం దాచిన బంగారం కుదువబెట్టినమని చెప్పాడు. ఆ తరువాత బద్‌నాం మాట ఎవరూ ఎత్తలేదు. ఏజెంటును పిలిపించినాము. డబ్బులో కొంత తిరిగి వచ్చింది, పిల్లవాని టిక్కెట్టు కూడా. ఏజెంటు చందా ఆగిపోయింది. ఆ సంవత్సరం ఈద్గా గోడకు సున్నం పడలేదు.

మళ్ళీ 1948కి వద్దాము. షోయబుల్లా ఖాన్ పోయిన 22 రోజులకు, సెప్టెంబరు 13న, హిందూస్తాన్ ఫౌజు రాజ్యంలోకి వచ్చింది. 17న నిజాం లొంగిపోయారు. పోలీసు యాక్షన్ అని పేరు. దాని వెనుక వచ్చిన రోజులు మన పెద్దలు మరిచిపోలేదు. ఖాసిం రజ్వీ జైలులో ఉండి, 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. ఆయన పిలుపు విని ఖాకీ తొడుక్కున్నవాడూ, ఆ పిలుపే వినని వాడూ ఇక్కడే మిగిలారు. సర్కారు పంపగా పండిత్ సుందర్‌లాల్ గారు, ఖాజీ అబ్దుల్ గఫార్ గారు, మౌలానా అబ్దుల్లా మిస్రీ గారు 1948 నవంబరు, డిసెంబరు నెలల్లో తొమ్మిది జిల్లాలు తిరిగి చూశారు. ఈ ఖాజీ సాబు హైదరాబాదులో పయాం పత్రిక నడిపిన ఆయనే. పోలీసు యాక్షన్ సమయంలోనూ తరువాతనూ 27 వేల నుంచి 40 వేల మంది దాకా ప్రాణాలు పోయినట్టు వారు అంచనా కట్టారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో అన్నిటికన్నా ఎక్కువ. ఆ నివేదిక దశాబ్దాల పాటు జనం చేతికి రాలేదు.

మన ఇండ్లలో సెప్టెంబరు తరువాతి కథే చెబుతారు. పక్కింట్లో సెప్టెంబరు ముందటి కథే చెబుతారు. రెండూ జరిగినవే. ఎవరి కథలో పీనుగులు ఎక్కువ అని లెక్కలు కట్టేవారికి అదొక పని. ఆ నివేదికలో మేము మళ్ళీ మళ్ళీ చదివిన భాగం వేరే ఉన్నది. కొన్నిచోట్ల హిందూ నేతవారు ముస్లిం నేతవారిని, దాడికి వచ్చిన హిందువుల నుంచే అడ్డుపడి కాపాడారనీ, అందులో కొందరు తమ ప్రాణాలే పోగొట్టుకున్నారనీ అందులో వ్రాసి ఉన్నది. ఏ ఊరో పేరు పెట్టి వ్రాయలేదు. నేతపని మీద బతికే సిరిసిల్ల వాళ్ళకు ఆ రెండు మూడు వాక్యాలు చదివితే ఒళ్ళు ఝల్లుమంటుంది. ఆ నేతవారు షోయబుల్లా ఖాన్ పేరు విని ఉంటారనుకోము, ఇమ్రోజ్ చదివి ఉంటారనుకోము. తలుపు ముందర నిలబడి తనవాళ్ళకే అడ్డం పడినప్పుడు వాళ్ళు అడిగిన ప్రశ్న మాత్రం ఆయనదే.

ఈ వ్యాసం వ్రాత పూర్తయిన తరువాత, మొదట వద్దన్న ఆ పెద్దాయనకు చదివి వినిపించాము. నేతవారి దగ్గరికి వచ్చేసరికి ఆగమన్నారు. తరువాత ఆయనే చెప్పారు. పేర్లు వేయొద్దన్న షరతు మీద ఇక్కడ వ్రాస్తున్నాము. ఆయనకప్పుడు ఆరేడేండ్లు. వాళ్ళ అబ్బా రజాకార్లలో చేరి కొన్ని నెలలు డ్రిల్లు చేశారట, ఖాకీ తొడిగారట. ఫౌజు వచ్చిందని తెలిసిన రాత్రి ఆ ఉడుపు బావిలో పడేసి, భార్యాపిల్లలను తీసుకొని నాలుగిండ్ల అవతలి పద్మశాలి ఇంటి తలుపు కొట్టారు. ఆ ఇంటాయన ఒక్క మాట అడగకుండా లోపలికి రానిచ్చి, గుంట మగ్గం కింద తావు చేసి, పైన పడుగు అట్లనే ఉంచి నేస్తూ కూర్చున్నాడట. ఇద్దరు ముగ్గురు వచ్చి అడిగి పోయారట. మూడో రోజు సద్దుమణిగినాక, అన్నం పెట్టి, అబ్బాకు ఎదురుగా కూర్చొని అడిగాడట, ఖాకీ వేసుకొని ఏ ఏ ఊళ్ళకు పోయినవ్, ఏం చేసినవ్ అని.

అబ్బా ఏం జవాబు చెప్పిండు అని మేము అడిగినాము. పెద్దాయన చేతి కర్ర నేల మీద ఒకసారి ఆనించి, నాకు తెల్వది, నన్ను బయట ఆడుకోపో అని పంపిండ్రు అన్నారు.